ముక్కనుమ నాడు ఆటోనగర్ షెడ్డులో

మా ఇంట్లో నా డ్రమ్ కిట్టుకి అమ్మ పెట్టిన పేరు "డబ్బాలు". "ఆ డబ్బాలు కాస్త పక్కకి జరపరా, వడియాలు ఎండబెట్టుకోవాలి" అంటుంది. పటమటలో మా మేడ మీద గది గోడలకి పాత పరుపులు ఆనించి, కిటికీలకి గోనెపట్టాలు కొట్టి, ఎనిమిదేళ్ళుగా ఆ డబ్బాలే వాయిస్తున్నాను. విజయవాడలో మెటల్, అంటే గిటార్లు మోతెత్తించే బరువైన రాక్ సంగీతం, వాయించేవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాళ్ళలో సొంత కిట్టు, దానికి రెండు కాళ్ళతో తొక్కే డబుల్ పెడలు ఉన్నవాణ్ణి నేను. ఈ కథలోకి నేను వచ్చింది వాయిద్యం గొప్పగా ఉండి కాదు, కిట్టు ఉండి.

కార్తీకం వెళ్ళిన కొత్తలో ఒక రాత్రి గుంటూరు నుంచి ఫోను. బ్రాడీపేటలో హార్డ్‌కోర్ వాయించే కుర్రాళ్ళు. "అన్నా, సంక్రాంతికి హైదరాబాద్ బ్యాండు ఒకటి వస్తానంటోంది. చిన్న షో పెడదామనుకుంటున్నాం. నీ కిట్టు ఒక్క రోజు ఇస్తావా?"

ఇస్తాను గానీ, కిట్టుతో పాటు మా బ్యాండు కూడా వస్తుంది అన్నాను. అటువైపు కాసేపు చప్పుడు లేదు. "అంటే... మీరూ వాయిస్తారా?" అన్నాడు. పిలవని చుట్టం సామానుతో సహా దిగితే ఇంటివాళ్ళు మాట్లాడే గొంతు అది.

వాడు అలా నీళ్ళు నమలడానికి కారణముంది. బయటివాళ్ళకి మెటల్ అయినా హార్డ్‌కోర్ అయినా ఒకటే గోల. లోపలివాళ్ళకి మాత్రం దాయాదుల వ్యవహారం. మెటల్ ఇంగ్లండులో, బర్మింగ్‌హామ్ కార్ఖానాల మధ్య పుట్టింది. 1970లో వచ్చిన బ్లాక్ సబ్బత్ మొదటి ఆల్బమ్‌ని దాని పుట్టుక కింద లెక్కేస్తారు. హార్డ్‌కోర్ మాత్రం పంక్ అనే దూకుడు రాక్ సంగీతం కడుపున పుట్టింది. 1980కి కాస్త అటూ ఇటూగా వాషింగ్టన్‌లో బ్యాడ్ బ్రెయిన్స్, మైనర్ థ్రెట్, లాస్ ఏంజెలెస్ వైపు బ్లాక్ ఫ్లాగ్ లాంటి వాళ్ళు పంక్‌ని ఇంకా వేగంగా, ఇంకా పొట్టిగా చేసి వదిలారు. మెటల్ పాట ఆరేడు నిమిషాలుంటుంది. మధ్యలో గిటారువాడు సోలో పేరుతో తన కష్టమంతా చూపిస్తాడు. హార్డ్‌కోర్ పాట నిమిషంన్నర. సోలోలు లేవు, వేషం లేదు, వేదిక ఎక్కి కూర్చోవడం అంతకన్నా లేదు. పాడేవాడు జనంలోకి దిగి మైకు వాళ్ళ నోటికే ఇస్తాడు. వాళ్ళ దృష్టిలో మేం ముఖమల్ పరదాల నాటకం కంపెనీ. మా దృష్టిలో వాళ్ళు సాధన ఎగ్గొట్టడానికి సిద్ధాంతం కనిపెట్టినవాళ్ళు. అమెరికాలో కూడా ఎనభైల్లో ఈ రెండు గుంపులు కొట్టుకుని, తర్వాత కలిసిపోయి, క్రాసోవర్ అనే మూడో రకం తయారైంది. మాకు అంత సిద్ధాంతం అక్కర్లేదు. విడివిడిగా పెడితే పాతిక మంది రారు, అంతే.

వినేవాళ్ళు లేరని కాదు. 2011 అక్టోబరులో మెటాలికా బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వస్తే ఇక్కణ్ణించి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్ళాం. ఆ రైలు పేరు మీద దారి పొడుగునా జోకులే. కానీ బెంగళూరు వెళ్ళి వేలమందిలో నిలబడి వినడం వేరు. పక్కవీధి కుర్రాడి బ్యాండుని రెండొందలు పెట్టి వినడానికి ఎండలో ఆటోనగర్ దాకా రావడం వేరు.

మాట్లాడుకోవడానికి ఎవరి ఊరూ కాకుండా మంగళగిరిలో కలిశాం. కొండ కింద టిఫిన్ సెంటర్‌లో ఎనిమిది మందిమి రెండు బల్లలు కలుపుకుని కూర్చున్నాం. నల్ల టీషర్టులు చూసి పక్కబల్ల పెద్దాయన "మాలేసుకున్నారా బాబూ?" అని అడిగాడు. మా గిటారువాడు ఒక్క క్షణం ఆలోచించి "ఈ ఏడు లేదండి" అన్నాడు.

అప్పటికి వైజాగ్ నుంచి ఒక డూమ్ మెటల్ బ్యాండు కూడా కలిసింది. అంటే నాలుగు బ్యాండులు: రెండు మెటల్, రెండు హార్డ్‌కోర్. గొడవంతా ఎవరు ఆఖర్న వాయించాలనే దగ్గరే. ఆఖర్న వాయించేవాళ్ళే పెద్దవాళ్ళని మెటల్ లెక్క. అసలు పెద్దా చిన్నా లేదని హార్డ్‌కోర్ లెక్క. కానీ మొదట వాయించడం వాళ్ళకీ ఇష్టం లేదు! ఇడ్లీ అయిపోయి, పెసరట్టు అయిపోయి, రెండో కాఫీ దాకా వచ్చింది. చివరికి గుంటూరు పాటగాడే అన్నాడు: "పానకాలస్వామి ఊళ్ళో కూర్చుని కొట్టుకుంటారేంటి? ఆయన సగం తాగి సగం మనకి వదిలేస్తాడు. సగం సగం అనుకుందాం."

అప్పుడు కుదిరిన వరస ఇది: మొదట గుంటూరు, తర్వాత వైజాగ్, తర్వాత హైదరాబాద్, ఆఖర్న మేము. హార్డ్‌కోర్, మెటల్, హార్డ్‌కోర్, మెటల్. ఇందులో మర్యాద కన్నా లెక్క ఎక్కువ. ఒక రకం బ్యాండులన్నీ ముందు వాయిస్తే వాళ్ళ స్నేహితులు అది అవ్వగానే టీ తాగడానికి వెళ్ళి మళ్ళీ రారు. ఒకటి విడిచి ఒకటి పెడితే తమవాళ్ళ కోసం ఎదురుచూస్తూ అవతలివాళ్ళని కూడా వినక తప్పదు. మేం ఆఖర్న ఎందుకంటే కిట్టు నాది. విప్పి మోసుకుపోవాల్సింది నేనే.

తలా అరగంట వాయించడం, మధ్యలో పావుగంట సర్దుకోవడం. కిట్టులో పెద్ద డ్రమ్ములు, స్టాండ్లు నావి. స్నేర్ అనే చిన్న డ్రమ్ము, సింబల్స్ అనే పళ్ళేల్లాంటి తాళాలు, కాలి పెడలు ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలి. ఎక్కడైనా ఇదే పద్ధతి. కర్ర దెబ్బకి పగిలేవీ చిరిగేవీ అవే మరి. గుంటూరు డ్రమ్మర్‌కి పందొమ్మిదేళ్ళు. "అన్నా, నా దగ్గర స్నేర్ ఒక్కటే ఉంది" అన్నాడు. సరే, సింబల్స్ కూడా నావే అన్నాను. ఆ మాట ఎంత ఖరీదైనదో తర్వాత తెలిసింది.

జాగా దొరకడం గురించి ఎక్కువ చెప్పను. ఏసీ హాలువాళ్ళు "ఆర్కెస్ట్రానా, ఏ హీరో పాటలు?" అన్నారు. ఒక హోటల్లో సెల్‌ఫోన్‌లో మా పాట వినిపిస్తే, మేనేజరు ఫోను పాడైందనుకుని తనే వాల్యూమ్ తగ్గించాడు. కాలేజీలు సంగతి విననే వినలేదు. వారం తిరిగాక మా గిటారువాడు, వాడు ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్లో చేస్తాడు, "మా మేనమామ షెడ్డు పండక్కి ఖాళీయే కదా" అన్నాడు.

ఆటోనగర్ చూడనివాళ్ళకి: లారీ ఛాసిస్ లోపలికి ఉత్త అస్థిపంజరంలా వస్తుంది, క్యాబిన్, తొట్టి, రంగులు, నిమ్మకాయలతో సహా లారీ అయి బయటికి పోతుంది. ఏడాది పొడుగునా సమ్మెట, గ్రైండరు, వెల్డింగు. అక్కడ చప్పుడు చేస్తే అడిగేవాడుండడు అనుకున్నాం. అదీగాక సంక్రాంతికి పనివాళ్ళంతా ఊళ్ళకి వెళ్ళిపోతారు. పైగా బెంగళూరులో, హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసే మనవాళ్ళంతా అప్పుడే ఇళ్ళకి వస్తారు. కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి కనుమ వదిలేశాం. ముక్కనుమ ఖాయం చేశాం.

మేస్త్రి గారు, అంటే ఆ మేనమామ, అరవై దాటిన మనిషి. ఎడమ చేతి చూపుడువేలు మొదటి కణుపు దాకానే ఉంటుంది. "అద్దె ఏమొద్దు, షెడ్డు ఊడ్చి ఇవ్వండి. ఇంతకీ ఏం వాయిస్తారు?" అన్నారు. మెటల్ అంటే ఏం చెప్పాలో తోచలేదు. ఆయన వేలు చూసి టోనీ అయోమీ సంగతి చెప్పాను. బ్లాక్ సబ్బత్ గిటారిస్టు. పదిహేడేళ్ళప్పుడు బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పని. బ్యాండుతో బయటికి వెళ్ళడానికి ఉద్యోగం మానేశాడు, ఆ రోజే ఆఖరి రోజు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి ఇంక వెళ్ళనంటే, వాళ్ళమ్మ ఒప్పుకున్న పని పూర్తి చేసి రమ్మంది. వెళ్ళాడు. మిషన్‌లో కుడిచేతి రెండు వేళ్ళ కొసలు పోయాయి. అతనిది ఎడమచేతి వాటం, కాబట్టి తీగలు నొక్కాల్సింది ఆ వేళ్ళే.

మేస్త్రి గారు అంతా విని ఒక్కటే అడిగారు. "కటింగ్ దగ్గరా, ప్రెస్సు దగ్గరా?"

ప్రెస్సు దగ్గరండి. అతను అసలు వెల్డింగు చేసేవాడు. ప్రెస్సు మీద చేసే మనిషి ఆ రోజు రాలేదు, ఇతన్ని కూర్చోబెట్టారు.

"అదీ. అలవాటు లేని మిషన్ మీద కూర్చోబెడితే అంతే." తన వేలు చూసుకున్నారు. "తర్వాత?"

తర్వాత ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకి తొడుగులు చేసుకుని, వాటికి తోలు ముక్కలు అతికించాడు. నొప్పి తగ్గడానికి తీగలు సన్నవి వేసుకున్నాడు, ఇంకొన్నాళ్ళకి శ్రుతి కూడా దించేశాడు. తీగ వదులైతే మోత బరువుగా వస్తుంది. మేం ఈ రోజుకీ శ్రుతి దించి వాయించేది ఆ దారినే. మేస్త్రి గారు తలూపి, "అయితే మన పనివాడి సంగీతమే" అని లోపలికి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రానికే లారీ అడుగుకి వేసే చెక్కలు పరిచి అడుగు ఎత్తు వేదిక వేయించారు. అడుగే ఎందుకంటే, మాకు వేదిక కావాలి, హార్డ్‌కోర్ వాళ్ళకి నేల కావాలి. డ్రమ్ములు చెక్కల మీద, పాడేవాళ్ళు వాళ్ళ ఇష్టం. నా బేస్ డ్రమ్ము తొక్కిన కొద్దీ ముందుకి జారిపోతుందని చెబితే, ఎవరైనా జంపఖానా పరుస్తారు. ఆయన జంపఖానా కింద రెండు ఇనప యాంగిల్ ముక్కలు బోల్టులేసి బిగించారు. ఇన్నేళ్ళలో నా కిట్టు కదలకుండా కూర్చున్న రోజు అదొక్కటే.

పోలీస్ స్టేషన్‌కి వెళ్ళడమంటే మాత్రం టెన్షన్‌గానే ఉండింది. శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చాయి. వాటి ప్రకారం రాతపూర్వక అనుమతి లేకుండా లౌడ్‌స్పీకరు పెట్టకూడదు, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట అసలే కూడదు. పగటిపూట నివాస ప్రాంతానికి 55 డెసిబెల్స్, వ్యాపార ప్రాంతానికి 65, పారిశ్రామిక ప్రాంతానికి 75. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం. పటమటలో మా మేడ మీద పెడితే మొదటి పాటకే దొరికిపోయేవాళ్ళం. ఆటోనగర్ అని రాసేసరికి అర్జీకి కొంచెం బలం వచ్చింది. డిసెంబరులో వెళితే భవానీల బందోబస్తు, మనుషులు లేరు, తర్వాత రమ్మన్నారు. జనవరి మొదట్లో వెళితే కోడిపందేల హడావిడి. కూర్చున్న ఆయన అర్జీ చదివి, "మందు ఉంటుందా?" అన్నారు.

ఇక్కడ మమ్మల్ని కాపాడింది హైదరాబాద్ బ్యాండు. వాళ్ళలో ఇద్దరు స్ట్రెయిట్ ఎడ్జ్. మందు, సిగరెట్టు, మత్తు ఏదీ ముట్టనివాళ్ళు. అది కూడా ఎనభైల మొదట్లో మైనర్ థ్రెట్ మొదలుపెట్టిన దారే. షోలో మందు ఉంటే వాయించం అని వాళ్ళు మొదట్లోనే షరతు పెట్టారు. మేం అప్పుడు లోపల్లోపల తిట్టుకున్నాం. స్టేషన్‌లో మాత్రం ఛాతీ విరుచుకుని "చుక్క కూడా ఉండదు సార్, షరతు పెట్టుకున్నాం" అన్నాను. సాయంత్రం అయిదున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా, షెడ్డు తలుపు వేసి వాయించాలని, అనుమతి ఇచ్చారు.

బోర్డు సంగతి చెప్పకుండా ముందుకి పోలేను. ఫ్లెక్సీ ఎందుకు, ఆటోనగర్‌లో లారీల మీద బొమ్మలేసే ఆయన ఉన్నారు కదా అని ఒక పెద్ద రేకు మీద నాలుగు బ్యాండుల పేర్లు రాయమన్నాం. హార్డ్‌కోర్ బ్యాండుల పేర్లు చదువుకునే అక్షరాలు, దిట్టంగా ఉంటాయి. ఆయన గంటలో రాసేశారు. మెటల్ బ్యాండుల పేర్లు ఎలా ఉంటాయో తెలిసిందే, ముళ్ళకంప తగలబెట్టినట్టు. మా పేరున్న కాగితం అటు తిప్పి ఇటు తిప్పి, "ఏది పైన బాబూ?" అన్నారు. చూపించాం. వేశారు, ముల్లు ముల్లూ వేశారు. వేశాక ఆగలేక, దాని కింద పసుపు రంగుతో, నీడలు పెట్టి, గుండ్రటి లారీ అక్షరాల్లో మా పేరు తెలుగులో మళ్ళీ రాశారు. "చదవలేని పేరు రాస్తే నాకు చెడ్డపేరు" అన్నారు. మా పాటగాడు అలిగాడు. నాకైతే అదే బాగుందనిపించింది. ఇప్పటికీ అంటాను.

సౌండు బాబాయ్ గవర్నర్‌పేట మనిషి. చవితి పందిళ్ళు, పెళ్ళిళ్ళు, అన్నిటికన్నా ఎక్కువగా పద్యనాటకాలు. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో ఎన్ని రాయబారాలకి మైకులు పెట్టానో లెక్కలేదంటాడు. రెండు జతల పెట్టెలు, పదహారు ఛానెళ్ళ మిక్సరు, జనరేటరు తెచ్చాడు. సౌండ్ చెక్ వెనక నుంచి ముందుకి చేస్తారు. ఆఖరి బ్యాండు మొదట, మొదటి బ్యాండు ఆఖర్న. అప్పుడే మొదట వాయించేవాళ్ళ సామాను ఎక్కడిదక్కడ ఉండిపోతుంది. కాబట్టి మధ్యాహ్నం రెండింటికి ముందు మేమే ఎక్కాం. మా పాటగాడు అలవాటు ప్రకారం మైకు తలకాయని రెండు చేతులా గుప్పిట పట్టి గర్జించాడు. పెట్టెలు కీచుమన్నాయి. బాబాయ్ మిక్సరు వదిలి నడుచుకుంటూ వచ్చాడు.

"ఆ గుప్పిలి తియ్యి ముందు. దాని నోరు మూస్తే అన్ని వైపుల నుంచీ పీలుస్తుంది, కూత పెడుతుంది. కృష్ణుడి వేషంవాళ్ళు జానెడు దూరంలో నిలబడి రాగం తీస్తే కృష్ణలంక దాకా వినపడేది. నీకు గొంతు లేకనా?" మావాడు యూట్యూబ్‌లో ఎవరెవరినో చూసి నేర్చుకున్న స్టైలు అది. చేతులు తీశాడు. మాటలు మొదటిసారి మాకే వినపడ్డాయి, వాటిలో రెండు తప్పులున్నాయని కూడా తెలిసింది.

గర్జన గురించి బాబాయ్ ఏమైనా అంటాడేమో అని చూశాను. "భీముడి వేషానికి పనికొస్తాడు" అన్నాడంతే.

తర్వాత మొదలైంది హమ్. ఏ గిటారు పెట్టినా "మ్మ్మ్" అని తేనెపట్టు మోత. తీగలు మార్చాం, పెడళ్ళు తీసేశాం, జనరేటరు మార్చి షెడ్డు కరెంటు మీద పెట్టాం. అప్పుడు మోతతో పాటు ఉండుండి "చర్ర్ చర్ర్" అని ఇంకోటి. అది వెతుక్కుంటూ వెళితే రెండు షెడ్ల అవతల ఒకాయన పండగ పూట కూడా వెల్డింగు చేస్తున్నాడు, లారీ మర్నాడు డెలివరీ అట. ఆయన్ని ఆపమనడానికి మాకు నోరు రాలేదు. అర్జీలో పారిశ్రామిక ప్రాంతం అని మేమే రాశాం కదా. మేస్త్రి గారొచ్చి చూసి, ఏం మాట్లాడకుండా షెడ్డు వెనక్కి వెళ్ళి రెండు బిందెల నీళ్ళు ఎర్తింగ్ గుంటలో పోశారు. ఉప్పూ బొగ్గూ వేసి పూడ్చిన గుంట, ఎండిపోతే ఎర్తింగ్ సరిగా అందదు. పది నిమిషాలకి మోత సగం తగ్గింది. మిగతా సగం బాబాయ్ జనరేటరుకి కూడా విడిగా ఎర్త్ ఇచ్చి తగ్గించాడు. వేలకి వేలు పోసి మోత అణిచే నాయిస్ గేట్ పెడళ్ళు కొన్న మా గిటారువాడు ఆ బిందె వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. వెల్డింగు చప్పుడు మాత్రం షో అయ్యేదాకా మధ్యమధ్యలో వస్తూనే ఉంది.

హైదరాబాద్ వాళ్ళు పొద్దున బయల్దేరి నాలుగున్నర గంటల్లో వచ్చేశారు. పండగ ముందు ఆ హైవే మీద పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు ఎంత బారు తీరుతాయో టీవీలో ఏటా చూపిస్తారు. ముక్కనుమ నాడు జనమంతా అటు పోతుంటే వీళ్ళు ఖాళీ రోడ్డు మీద ఇటు వచ్చారు. వైజాగ్ వాళ్ళు రాత్రి రైలుకి వచ్చి మా ఇంట్లోనే దిగారు. వాళ్ళ బేస్ గిటారు అమ్మాయిని అమ్మ కూర్చోబెట్టి, "నువ్వయినా చెప్పమ్మా, వీటికి పాటలంటారా?" అని అడిగింది. ఆ అమ్మాయి గారెలు తింటూ "వినగా వినగా అలవాటవుతాయి ఆంటీ" అంది. అమ్మ రాలేదు గానీ వంద పులిహోర పొట్లాలు కట్టి పంపింది.

మొదటి గంట తలుపు దగ్గర నిలబడి తలలు లెక్కపెట్టుకున్నాను. అయిదున్నరకి ఇరవై ఇద్దరు. ఆరింటికి అరవై. ఆఖరి లెక్క నూట ముప్ఫై ఎనిమిది. పక్క వీధిలో గ్రైండింగు సామాను కొట్లో నారింజ రంగు ఫోమ్ ఇయర్ ప్లగ్గులు డబ్బాలెక్కన కొని తలుపు దగ్గర పెట్టాం. సగం మంది అవి చాక్లెట్లనుకున్నారు. నేను ఊరికే సరదాకి పెట్టలేదు. నూరు డెసిబెల్స్ మోతలో పావుగంటకి మించి ఉంటే చెవికి చేటంటారు, మా షెడ్డులో రేకుల పైకప్పు కింద అంతకన్నా ఎక్కువే ఉండుంటుంది.

గుంటూరు వాళ్ళు అరగంట ఇస్తే పందొమ్మిది నిమిషాల్లో పదకొండు పాటలు అవగొట్టి దిగిపోయారు. పొదుపైన మనుషులు. ఆ పందొమ్మిదేళ్ళవాడు నా క్రాష్ సింబల్‌ని కొట్టిన కొట్టుడుకి నేను తలుపు దగ్గర నుంచే కళ్ళు మూసుకున్నాను.

తర్వాత వైజాగ్. డూమ్ అంటే మెటల్‌లో అతి నెమ్మదైన శాఖ. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య టీ తాగి రావచ్చు. హార్డ్‌కోర్ కుర్రాళ్ళు అప్పుడే బయటికి నడవడం మొదలుపెట్టారు. నా వరస లెక్క దెబ్బ తిన్నట్టే అనుకున్నాను. అయితే హార్డ్‌కోర్‌లో బ్రేక్‌డౌన్ అని ఒకటుంటుంది. వేగంగా పోతున్న పాట ఉన్నట్టుండి సగానికి పడిపోయి, బరువైన అడుగులు వేస్తుంది. ఆ పది క్షణాల కోసమే వాళ్ళు పాటంతా ఎదురుచూస్తారు. వైజాగ్ వాళ్ళ రెండో పాట మధ్యలో గుంటూరు పాటగాడు తలుపు దగ్గర ఆగిపోయాడు. "అన్నా, ఇదంతా బ్రేక్‌డౌనే కదా!" అన్నాడు. ఏడు నిమిషాల బ్రేక్‌డౌన్. వాడు వెనక్కి వెళ్ళాడు, వాడితో పాటు ఇంకో పదిమంది. వేదిక ముందు నిలబడి, ఏనుగు నడిచినట్టు, అందరూ ఒక్కసారే వంగి లేస్తున్నారు. బేస్ అమ్మాయి వాళ్ళని చూసి నవ్వి ఆ రిఫ్, అంటే తిప్పి తిప్పి వాయించే ముక్క, ఇంకో నాలుగు ఆవర్తాలు పొడిగించింది. ఆ సాయంత్రంలో నాకు మిగిలింది అదే, మేం వాయించింది కాదు.

గొడవ హైదరాబాద్ వాళ్ళ అరగంటలో వచ్చింది. మెటల్ పిట్‌లో, అంటే వేదిక ముందు జనం ఆడే చోట, తోసుకుంటారు, భుజాలతో గుద్దుకుంటారు, గుండ్రంగా పరిగెడతారు. హార్డ్‌కోర్ వాళ్ళు చేతులు గాలిలో తిప్పుతూ, కాళ్ళు విసురుతూ ఆడతారు. ఎవరి ఆట వాళ్ళకి తెలుసు, అవతలివాళ్ళది తెలియదు. ఒకడి చెయ్యి మా స్నేహితుడి ముక్కుకి తగిలింది, రక్తం. కావాలని కొట్టాడని మావాడు కాలరు పట్టుకున్నాడు. అటు ఇద్దరు, ఇటు ముగ్గురు. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుని కానిస్టేబుల్ గారు లోపలికొచ్చారు.

పాటగాడు చెయ్యెత్తి పాట ఆపాడు. "తగిలితే సారీ చెప్పాలి. పడితే లేపాలి. ఆడనివాళ్ళు గోడ దగ్గరికి వెళ్ళండి, వాళ్ళ జోలికి ఎవరూ పోకూడదు. ముక్కు ఎవరిది? నీళ్ళివ్వండి." అంతే, ఉపన్యాసం లేదు. మావాడు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని గోడ దగ్గర నిలబడ్డాడు. కొట్టినవాడే వెళ్ళి నీళ్ళ సీసా ఇచ్చాడు. మళ్ళీ పాట. నాలుగో పాటకి ఒకడు జారి పడితే ఆరు చేతులు ఒకేసారి కిందికి వెళ్ళి లేపాయి. కానిస్టేబుల్ గారు అది చూసి నన్నడిగారు:

"కొట్టుకుంటున్నారా, ఆడుతున్నారా?"

ఆడుతున్నారు సార్.

"కబడ్డీలో కూడా ఇంత మర్యాద ఉండదు" అన్నారు. పులిహోర పొట్లం తీసుకుని, తొమ్మిదిన్నర గుర్తుచేసి వెళ్ళారు.

మేం ఎక్కేసరికి ఎనిమిదీ యాభై. నలభై నిమిషాలున్నాయి. నా చేతులు వణుకుతున్నాయి. డ్రమ్మర్‌కి అంతకుముందు మూడున్నర గంటలు కుర్చీలు సర్ది, లెక్కలు చూసి, ముక్కులు తుడిచే పనులుండకూడదు. రెండో పాటలో డబుల్ పెడల్ ఒక కాలు తప్పింది, తాళం ఎటో పోయింది, బేస్ వాయించేవాడి మొహం చూసి మళ్ళీ పట్టుకున్నాను. మూడో పాట నుంచి బాగానే పోయిందంటారు. పాడేటప్పుడు మావాడి పక్కనే మైకు కోసం గుంటూరు వాళ్ళు ఎగబడ్డారు. మెటల్ పాటగాళ్ళకి మైకు ఇచ్చే అలవాటు లేదు. వీడు ఒక్క క్షణం తటపటాయించి, ఇచ్చాడు. వాళ్ళకి మా మాటలు ఒక్కటీ తెలియవు. ఏదో అరిచారు. అసలు మాటల కన్నా బాగుంది.

తొమ్మిదీ ఇరవై అయిదుకి ఆపేశాం.

ఖర్చులు: సౌండు, జనరేటరు, డీజిలు, చెక్కల మోత కూలీ, బోర్డు రంగులు, బయటి రెండు బ్యాండులకి దారి ఖర్చులు. అన్నీ పోను పదకొండొందలు మిగిలాయి. అది పంచుకుంటే నలుగురికీ అవమానమే, బాబాయ్ కుర్రాళ్ళిద్దరికీ ఇచ్చేశాం. సింబల్స్ సంచిలో పెడుతుంటే క్రాష్ అంచున వెంట్రుకంత గీత కనపడింది. వేలితో రాస్తే గోరుకి తగిలింది. పగులే. గుంటూరు కుర్రాడు పక్కనే ఉన్నాడు, వాడూ చూశాడు. ఏం మాట్లాడకుండా జేబులోంచి అయిదొందల నోటు తీసి ఇచ్చాడు. అది ఆ సింబల్ ఖరీదులో పదో వంతు కూడా కాదు. తీసుకున్నాను. వద్దంటే వాడు ఇంకోసారి నన్ను అడగడానికి మొహమాటపడతాడు.

షెడ్డు ఊడ్చింది వాళ్ళే. మావాళ్ళు ఫోటోలు దిగుతున్నారు.

చెవుల్లో రెండు రోజులు కూత ఉండిపోయింది. అందరికీ ఇయర్ ప్లగ్గులు పంచిన నేను నావి పెట్టుకోవడం మర్చిపోయాను. ఫిబ్రవరిలో బోర్డు తెచ్చుకుందామని ఆటోనగర్ వెళ్ళాను. మా గదిలో గోడకి కొట్టుకోవాలని ఉండింది. మేస్త్రి గారు బెల్లం టీ తెప్పించి, తల గోక్కున్నారు.

"ఆ రేకా? గేజీ బాగుంది బాబూ. మొన్న అర్జెంటుగా ఒక లారీ తొట్టికి అడుగున ముక్క తక్కువైతే వేసేశాను."

పేర్లున్న వైపు పైకా, కిందికా అని అడిగాను.

"కిందికి. పైన బస్తాలు వేస్తారు, రంగు పోతుంది కదా" అన్నారు. లారీ మిర్చి లోడుతో నాగపూర్ వెళ్ళిందట.